మూడు ఆసుపత్రుల మధ్య నూకరాజు

పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు ఆసుపత్రి ఉంది, సైన్యం ఆసుపత్రి ఉంది, ప్రైవేటువి కొన్ని ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళవచ్చు. మనిషి వెళ్ళవచ్చు అంటున్నాను. అతని వైద్య వివరాలు ఆ దూరం దాటడానికి నా ఉద్యోగ జీవితం మొత్తం చాల్లేదు.

నేను సర్కారు ఆసుపత్రిలో రోగుల రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ పనిలో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. దాన్ని నేను కూడా చదవలేదు, మీరు చదవనక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. మా నాన్న బడిపంతులుగా ఈ దీవులకు వచ్చినవాడు. ప్రోతరాపూర్‌లో మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం చర్చ నడిచేది. ముహూర్తాలు, దయ్యాలు, కులం, విధవల పెళ్ళి, ఏదైనా సరే. అక్కడ అందరికంటే చిన్నవాడికి కూడా ఒక హక్కు ఉండేది: ఎంత పెద్దవాణ్ణయినా ఆపి, “మీకెలా తెలుసు?” అని అడగవచ్చు. ఆఫీసులో ఆ ప్రశ్న అడిగితే మెమో చేతికొస్తుందని ఆ వసారాలో ఎవరూ నాకు చెప్పలేదు.

చొక్కా

నూకరాజు జంగ్లీఘాట్‌లో ఉండే జాలరి. వాళ్ళ తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. సునామీ వచ్చినప్పుడు అతను వేటకు వెళ్ళి, దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న హట్ బేలో ఉన్నాడు. ఆ తరవాత అక్కడి నుంచి మా ఆసుపత్రికి వచ్చిన శవాల్లో ఒకదాని మీద అతని చొక్కా ఉంది. భార్య పోలమ్మ చొక్కాను గుర్తుపట్టింది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. గుండీలు తానే ఎర్ర దారంతో కుట్టానని చెప్పింది. నిజమే చెప్పింది. ఆ ముందు రోజు తడిసిపోయిన తోటివాడికి నూకరాజు ఆ చొక్కా ఇచ్చాడని ఆమెకు ఎలా తెలుస్తుంది? మేము మరణం రాశాం. వాళ్ళు దహనం చేసి, దినం కూడా పెట్టారు.

ఆ రోజుల్లోనే నూకరాజు తలకు కట్టుతో, మాట లేకుండా, సైన్యం ఆసుపత్రిలో పడి ఉన్నాడు. వాళ్ళ హెలికాప్టరే అతన్ని తీసుకొచ్చింది. పేరు చెప్పలేకపోయాడు కాబట్టి అజ్ఞాత పురుషుడని రాసుకున్నారు. శవం దొరకక ముందు పోలమ్మ ఆ గేటు దగ్గరికి కూడా వెళ్ళింది. కాపలా జవాను జాబితా చూసి, నూకరాజు అనేవాడు ఎవరూ లేరన్నాడు. అదీ నిజమే. అందరూ నిజమే చెప్పారు. ఈ ఉద్యోగంలో నాకు అబద్ధం చెప్పినవాళ్ళ వల్ల పెద్ద నష్టం జరగలేదు.

అక్కడ అతనికి ఏదో సూదిమందు వేస్తే వికటించి, గొంతు వాచి, ఊపిరి ఆగిపోయే దాకా వచ్చింది. డాక్టర్లు బతికించారు. తరవాత కొన్నాళ్ళకు తెలివి, మాట తిరిగొచ్చి, ఆసుపత్రి పైజామాలోనే నడుచుకుంటూ ఇంటికి పోయాడు. పోలమ్మ కుళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంది.

“దినం కూడా అయిపోనాది. ఇప్పుడొచ్చినావేటి,” అంది. బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదట.

చేటెడు దాణా

అతను బతికాడన్న సంతోషం ఒక పూట నిలిచింది. సాయంత్రానికి అతని మేనత్త గౌరమ్మ వచ్చి, చచ్చినవాడి పేరుతో ఇంట్లో మనిషి తిరగకూడదని తేల్చింది. వాళ్ళ వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డలు పుట్టి పోతూ ఉంటే, తరవాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పొరుగింటావిడకు ఇచ్చేస్తారు. ఆవిడ బదులుగా చేటెడు తవుడు పోసి కొనుక్కున్నట్టు కొని, మళ్ళీ తల్లికే పెంచమని ఇస్తుంది. వాడు తవుడుకు వచ్చినవాడు, చావుకు పనికిరాడు. పేరు తవిటయ్య.

ఈ ఆచారం మీసాలున్న మనిషికి చేయబోతున్నారని విని నేను జంగ్లీఘాట్‌కు పరిగెత్తాను. నా జీవితంలో అంత గట్టిగా ఎక్కడా మాట్లాడలేదు. మనిషి పుట్టేది ఒక్కసారే అన్నాను. పేరు మారిస్తే రేపు రేషన్ దగ్గర, ఆసుపత్రి దగ్గర నానా తంటాలూ పడతారన్నాను.

గౌరమ్మ చుట్ట ఆర్పకుండా విన్నది. “సచ్చినోడి పేరెట్టి పిలిస్తే సావు ఇంటది బాబూ.”

“వింటుందని నీకెలా తెలుసు?”

“ఇనదని మీకెలా తెలుసు?”

వసారాలో అయితే దీనికి నా దగ్గర సమాధానం ఉండేది. ఇక్కడ ఇరవై మంది చేట చుట్టూ నిలబడి ఉన్నారు. పడవలు సరిగా నడవని రోజులు, తవుడు ఎక్కడా దొరకలేదు. కోళ్ళ దాణా పోశారు. నూకరాజు చేటలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడి నా వైపు చూశాడు. “పోన్లెండి భయ్యా, దీంతో ఒగ్గెత్తారు గదా,” అన్నాడు. అతను అప్పటి నుంచి తవిటయ్య.

నిమ్మకాయ పెట్టిన యంత్రం

కొన్నేళ్ళకు మా ఆసుపత్రికి కంప్యూటర్ రికార్డు వచ్చింది. రోగి వివరాలు ఒక్కసారి ఎక్కిస్తే చాలు, సర్కారు, ప్రైవేటు, సైన్యం, ఎక్కడికి వెళ్ళినా డాక్టరు తెర మీద చూసుకోవచ్చన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న వసారా గుర్తొచ్చింది.

ప్రారంభోత్సవం రోజు మా సూపరింటెండెంటు యంత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నాలుగు మూలలా నిమ్మకాయలు పెట్టించాడు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని రాజ్యాంగంలో ఉందండీ అన్నాను. “అది పౌరులకు. మనం స్టాఫ్,” అన్నాడు. పసుపు నీళ్ళు ప్లగ్గులోకి పోయి కరెంటు పోయింది. నిమ్మకాయలు తక్కువయ్యాయని ఇంకో రెండు తెప్పించారు.

ఈ సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, భయస్తుడు. మీకు ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే అవకాశం వస్తే చెడ్డవాణ్ణి ఎంచుకోండి. అతనితో బేరం కుదురుతుంది. భయస్తుడు సంతకానికి భయపడతాడు, సంతకం లేకపోవడానికీ భయపడతాడు.

పాత పుస్తకాల్లోని మరణాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. నూకరాజు మరణం కొట్టేయడానికి కావలసిన సంతకం నాకు ఎన్నడూ దొరకలేదు, అదీ ఎక్కింది. తరవాత ఒకరోజు తవిటయ్య కాలికి దెబ్బతో వచ్చాడు. వెంట పోలమ్మ, గౌరమ్మ ఉన్నారు. కొత్త పేరుతో గుర్తింపు కాగితం ఏదీ లేదు కాబట్టి నేను పాత పేరు, ఊరు, భార్య పేరు కొట్టించాను. ఈ వ్యక్తి మరణించాడని తెర మీద పడింది. కంపెనీ పంపిన ఇంజనీరును పిలిచాను.

“డెడ్ పేషెంటుకి చీటీ రాదు సార్,” అన్నాడు.

“మరణం తప్పు. తీసెయ్యండి.”

“తీయాలంటే పేషెంటే లాగిన్ అయి దరఖాస్తు పెట్టుకోవాలి.”

“పేషెంటు మీ ఎదురుగా ఒంటి కాలి మీద నిలబడ్డాడు.”

“కనిపిస్తున్నాడు సార్. కానీ డెడ్ కదా, లాగిన్ తీసుకోదు.” అతను కాసేపు గోళ్ళు గిల్లుకుని, “కొత్త పేషెంటుగా కొట్టేద్దాం. పేరు మాత్రం వేరేది పెట్టండి,” అన్నాడు.

బెంచీ మీద నుంచి గౌరమ్మ అంది: “నేనూ అదే సెప్పినాను గదా బాబూ.”

గౌరమ్మ కనీసం దాణా పోసింది.

పుట్టిన తేదీకి రుజువు లేదు కాబట్టి ఖాళీగా వదిలాం. ఖాళీ ఉంటే యంత్రం ఆ రోజు తేదీ వేసుకుంటుందని మాకు తెలియదు. తవిటయ్య ఆ ఉదయమే పుట్టినట్టయింది. పుట్టినవాడికి తల్లి ఉండాలి కాబట్టి వెంట వచ్చిన ఆడమనిషిగా మేము రాసిన పోలమ్మ పేరు ఆ గడిలోకి పోయింది. పోలమ్మ భర్తేమో తండ్రి గడిలోకి పోయాడు: నూకరాజు, మరణించారు.

కొన్ని వారాలకు టీకాల దీదీ జంగ్లీఘాట్‌లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, పసివాడెక్కడని అడిగింది. వల బాగు చేసుకుంటున్న తవిటయ్యను చూపించారు. పాపం ఆమెకు పైనుంచి ఒత్తిడి. ఒక పేరు మిగిలిపోతే తన మీదికొస్తుంది. ఆమె బతిమాలితే అతను నోరు తెరిచి చుక్కలు వేయించుకున్నాడు. చిటికెన వేలి మీద సిరా గుర్తు కూడా పెట్టించుకున్నాడు. రెండు రోజుల పాటు జంగ్లీఘాట్‌లో ఎవరు ఎదురుపడినా అతని గడ్డం పుచ్చుకుని ముద్దు చేశారు.

నవ్వుకున్నాం. నవ్వు ఆగింది మరోచోట. ఆ కాలి దెబ్బ చీము పట్టి మళ్ళీ వచ్చినప్పుడు, డ్యూటీ డాక్టరు సూది రాయబోతుంటే పోలమ్మ అడ్డం పడింది. “ఈడికి ఏదో సూది పడదు బాబూ. మిలట్రీ ఆసుపత్రిలో సచ్చి బతికినాడు.”

“ఏ సూది?”

“మాలూం నహీ. ఏదో ఒకటి.”

డాక్టరు తెర చూశాడు. పడని మందులు: లేవు. “లేవని ఉంది కదమ్మా,” అన్నాడు.

పడని మందుల గడిలో మేము ఏమీ రాయలేదు. రాయని గడిలో యంత్రం తనంతట తాను ‘లేవు’ అని అచ్చువేస్తోంది. పిల్లలూ, నా సర్వీసు మొత్తంలో నేను నేర్చుకున్న విషయం ఇదొక్కటే అనుకోండి. ‘తెలియదు’ అనేది ఒక మాట, ‘లేదు’ అనేది ఇంకో మాట. మొదటిదాన్ని రెండోదిగా మార్చేవాడు మంత్రగాడైనా, ఇంజనీరైనా, చేసే మోసం ఒకటే. మంత్రగాడికి తను చేస్తున్నది తెలుసు, అంతే తేడా. ఆ రోజు ఆ డాక్టరుకు విసుగొచ్చి మాత్రలతో సరిపెట్టాడు. తవిటయ్య అతని విసుగు వల్ల బతికాడు.

సమ్మతి

ఏ సూది పడదో సైన్యం ఆసుపత్రికి తెలుసు. వాళ్ళూ అప్పటికి కంప్యూటర్ పెట్టుకున్నారు. వాళ్ళది మాదానితో మాట్లాడదు. అందుకని ఉత్తరం రాశాం. నూకరాజు పేరుతో తమ వద్ద రికార్డు లేదని జవాబొచ్చింది. తవిటయ్య పేరుతో రాశాం. లేదన్నారు. అప్పుడు నేను విషయం మొత్తం వివరించి, మీ దగ్గరున్న అజ్ఞాత పురుషుడే ఇతను అని రాశాను. దానికి వచ్చిన జవాబును నేను చాలా కాలం పర్సులో పెట్టుకు తిరిగాను. అజ్ఞాత వ్యక్తి వైద్య వివరాలు ఇవ్వాలంటే ఆ వ్యక్తి సమ్మతి కావాలి; ఆ వ్యక్తి ఎవరో తెలియనందున సమ్మతి తీసుకోవడం వీలుకాదు.

సైనికులను నేను తప్పుపట్టను. అతన్ని నీళ్ళలోంచి తీసింది వాళ్ళే, బతికించిందీ వాళ్ళే. మనిషి విషయంలో ఒక్క సెకను ఆలోచించని వాళ్ళు అతని కాగితం దగ్గరికి వచ్చేసరికి సరిహద్దు కాపలా కాశారు.

చివరికి పని చేసింది అబర్డీన్ బజార్లో బస్టాండు పక్క టీ దుకాణం. సైన్యం ఆసుపత్రిలో నాలాగే రికార్డులు చూసే సుబేదార్ ఒకాయన సాయంత్రాలు అక్కడికి వచ్చేవాడు. నా కథంతా విని, గ్లాసు కింద పెట్టాడు.

“మీసాలవాడేగా? కుడి కనుబొమ్మ మీద కుట్లు?”

“అవును సాబ్.”

“పెన్సిలిన్. నా కళ్ళ ముందే నీలంగా మారిపోయాడు. జన్మలో మళ్ళీ ఇవ్వకూడదు.” చుట్టూ చూశాడు. “నేను మీకేం చెప్పలేదు. అసలు మనం కలవలేదు. సమఝే?”

మర్నాడు నేను ఆ వివరం ఎక్కించబోయాను. పడని మందుల గడికి వేరే ఆసుపత్రి పత్రం నంబరు కావాలట. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాను.

“ఎవరు చెప్పారు?”

“చెప్పనని మాటిచ్చాను.”

“అయితే ఎవరూ చెప్పలేదు,” అన్నాడు, ఎంతో హాయిగా.

ఆ తెర మీద రుజువు అడగని గడి ఒకే ఒక్కటుంది. కుటుంబ చరిత్ర. తాతకు చక్కెర జబ్బు, తల్లికి ఉబ్బసం అని ఇంట్లోవాళ్ళు ఏం చెబితే అది రాయవచ్చు. నేను కూర్చుని, తండ్రి నూకరాజుకు పెన్సిలిన్ ప్రాణాంతకం, బిడ్డకూ ఇవ్వవద్దు అని ఇంగ్లీషులో కొట్టాను. అక్షరాలు ఎర్రగా వచ్చాయి. పోలమ్మను పిలిచి మందు పేరు నేర్పాను, చీటీ కూడా రాసిచ్చాను. చీటీ మొదటి వేటలోనే తడిసి ముద్దయింది.

గోల్ ఘర్

ఆ వానాకాలం తవిటయ్య అరచేతిలో టేకు చేప తోక విషపు ముల్లు దిగింది. చెయ్యి మోచేతి దాకా వాచి, ఒళ్ళు కాలిపోతుంటే, పడవ యజమాని అతన్ని గోల్ ఘర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. అప్పటికి అది మా కంప్యూటర్‌తో కలిసింది. కొత్తగా చదువు ముగించి వచ్చిన డాక్టరు, దీవుల్లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. శ్రద్ధగలవాడు. కుటుంబ చరిత్ర కూడా చదివాడు. ఆ గడి చదివిన డాక్టరును నేను అంతకు ముందు చూడలేదు.

“మీ నాన్నకి పెన్సిలిన్ పడదా?” అని అడిగాడు.

“మా అయ్యకా? ఆడికేటయ్యిందీ? జల్మలో ఆసుపత్రి గడప ఎక్కనేదు,” అన్నాడు తవిటయ్య, జ్వరంలో కూడా స్పష్టంగా.

“రికార్డు తప్పన్నమాట,” అని డాక్టరు ఆ వాక్యాన్ని తీసేశాడు.

పోలమ్మ అక్కడే ఉంది. “ఆళ్ళయ్యకి కాదు, ఈడికే పడదు,” అంది. “మీరెవరు?” అన్నాడు డాక్టరు. పెళ్ళాన్నంది. తెర మీద తల్లి అని ఉంది. డాక్టరు ఆమెను జాలిగా చూసి, నర్సుకు మందు తెమ్మని చెప్పాడు. పోలమ్మ నాకు ఫోను చేసి, గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

నేను ఆటోలో వెళ్ళేసరికి నర్సు మందు ట్రే పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉంది. నా సంగతి చెప్పుకుని, వీలైనంత క్రమంగా వివరించాను. ఈ తవిటయ్యే ఆ నూకరాజు. మరణించిన తండ్రి, పుట్టిన బిడ్డ ఒకే మనిషి. ఆమె తల్లి కాదు, భార్య. సైన్యం దగ్గర ఈయనే అజ్ఞాత పురుషుడు. పెన్సిలిన్ పడదని చెప్పిన మనిషి నాకు చెప్పలేదు.

డాక్టరు చాలా ఓపికగా విన్నాడు. “అంకుల్, కూర్చోండి. మీరు పొద్దున ఏమైనా తిన్నారా? ఒకసారి షుగర్ చూద్దామా?”

“నా షుగర్ బాగానే ఉంది. మీకు ఒకటే ప్రశ్న. ఇతనికి పెన్సిలిన్ పడుతుందని మీకెలా తెలుసు?”

“పడదని ఎక్కడా లేదుగా.”

“పడుతుందని ఎక్కడుంది?”

డాక్టరు తెర వైపు చూశాడు, గుమ్మంలో పోలమ్మ వైపు చూశాడు. “వేరే మందులు కూడా ఉన్నాయి,” అన్నాడు చివరికి. నన్ను నమ్మాడని నేను అనుకోను. మమ్మల్నందరినీ అక్కడి నుంచి పంపేయాలనుకున్నాడు. పోలమ్మ మాత్రం ఆ వేరే మందు మొత్తం ఎక్కే దాకా గుమ్మంలోంచి లేవలేదు.

చెయ్యి తగ్గాక పోలమ్మే మా ఇంటికి వచ్చింది. “ఇదంతా ఒగ్గీయండి బాబూ. ఆడి సేతి మీద పచ్చబొట్టు పొడిపించేత్తాను.”

పచ్చబొట్లు, తాయెత్తులకు వ్యతిరేకంగా ప్రోతరాపూర్ వసారాలో నేను మాట్లాడిన మాటలు కలిపితే ఒక పుస్తకం అవుతుంది. ఒక్క నిమిషం ఆలోచించి, లోపలికి వెళ్ళి కాగితం తెచ్చాను. పెన్సిలిన్ ఇవ్వకూడదు అని హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. బజార్లో పచ్చబొట్లు పొడిచే అతను నావికుల చేతుల మీద పనిచేసి అలవాటైనవాడు. పక్కన ఒక లంగరు ఉచితంగా వేశాడు.

కలయిక

నేను రిటైరయ్యే నెలలో సైన్యాన్ని కూడా చేర్చి మూడు ఆసుపత్రుల కంప్యూటర్లను కలిపారు. పెద్ద హాలు, పూలదండలు, మళ్ళీ నిమ్మకాయలు. సర్కారు నుంచి, సైన్యం నుంచి, ప్రైవేటు నుంచి పెద్దలు వచ్చారు. నిజమైన రోగి వివరాలు తెర మీద చూపించాలన్నారు. ముల్లు దిగిన చెయ్యి మళ్ళీ వాచి, ఆ రోజు చూపించుకోవడానికి తవిటయ్య వచ్చాడు. నేనే ముందుకు తోశాను.

తెర మీద మొదట బాలుడు తవిటయ్య వచ్చాడు. మైనరు కాబట్టి వివరాలు తెరవాలంటే తండ్రి అనుమతి కావాలంది. తండ్రి గడి నొక్కితే, ఈ వ్యక్తి మరణించాడంది. కుడి కనుబొమ్మ గాయంతో వెతికితే సైన్యం వైపు నుంచి అజ్ఞాత పురుషుడు వచ్చాడు. అతని సమ్మతి లేదంది. ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. సూపరింటెండెంటు పూలదండ సర్దుకున్నాడు. ముగ్గురూ ఒకరేనా కాదా అని పెద్దలు కుర్చీలు దగ్గరికి జరుపుకుని చర్చ మొదలుపెట్టారు. కమిటీ వెయ్యాలని ఎవరో అన్నారు.

వాళ్ళలో ఒక సైనిక డాక్టరు మాత్రం తెర వదిలి తవిటయ్య దగ్గరికి వచ్చాడు. మడిచిన చొక్కా చెయ్యి కింద అక్షరాలు చూసి, “పెన్సిలిన్ నహీ? అచ్ఛా,” అని, వేరే మందు రాసి చీటీ చేతిలో పెట్టాడు.

తవిటయ్య నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “భయ్యా, ఈ పెద్దోలంతా ఇంతసేపు దేని కోసం ఎతుకుతున్నారు?”

“నీ కోసమే.”

అతను తెర వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూశాడు. “మరి నేనిక్కడే ఉన్నాను గదా,” అన్నాడు. కాసేపు ఆగి చూశాడు, ఎవరైనా తల తిప్పుతారేమోనని. తరవాత చొక్కా చెయ్యి దించుకుని, మందుల కోసం వరసలో నిలబడడానికి వెళ్ళిపోయాడు.